పాత స్పోర్ట్స్ కారును ఎంతవరకు నమ్మవచ్చు: 1994 మజ్దా ఎమ్‌ఎక్స్-5 ప్రాజెక్టు డైరీ

ఈ డైరీలోని కారు 1994 మోడల్ మజ్దా ఎమ్‌ఎక్స్-5. ఇంజను 1.8 లీటర్లు, గేర్లు ఐదు, మీటరులో 1,63,000 కిలోమీటర్లు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొని రోజువారీగా నడపదలచినవారు ఈ పనులను ఇదే వరుసలో చేసుకోవడానికి, వీలైతే కొన్నింటిని కొనే ముందే తప్పించుకోవడానికి రాస్తున్నాను. ఖర్చును ఏ కరెన్సీలోనూ చెప్పడం లేదు. కొన్న ధరను 100గా తీసుకొని, ప్రతి దశలో విడిభాగాలకూ బయట చేయించిన పనికీ కలిపి ఎంతైందో ఆ లెక్కలో ఇస్తున్నాను. నా సొంత శ్రమకు విలువ కట్టలేదు.

దశ 0: మోడల్ ఎంపిక

పాతబడిన కొద్దీ స్పోర్ట్స్ కారు ధర తగ్గుతుంది, దాని విడిభాగాల ధర మాత్రం తగ్గదు. అందువల్ల ఏ కారు తక్కువగా చెడిపోతుందని కాకుండా, చెడిపోతే ఏది పోతుంది, దాన్ని ముందుగా కనిపెట్టగలమా అన్న ప్రశ్నతోనే మోడళ్లను పోల్చాను.

1996లో వచ్చిన మొదటి తరం పోర్షే బాక్స్‌టర్ నడపడానికి అద్భుతమైన కారు. కానీ దాని ఇంజను లోపల ఇంటర్మీడియట్ షాఫ్టును మోసే బేరింగు విరిగితే ఇంజను మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఆ బేరింగును ముందు జాగ్రత్తగా మార్చాలంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. మజ్దా ఆర్‌ఎక్స్-8లో ఉన్నది రోటరీ ఇంజను. కంప్రెషన్‌ను, అంటే ఇంజను లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కబడుతోందో, కొలిచే మామూలు గేజితో దాని ఆరోగ్యం తెలియదు, ఒక్కో రోటరుకున్న మూడు ముఖాలనూ విడివిడిగా చూపే ప్రత్యేక టెస్టరు కావాలి. హోండా ఎస్2000 తొలి ఇంజను 9,000 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది, గట్టిది కూడా. అయితే వేగంలో ఉండగా ఎవరైనా పొరపాటున చిన్న గేరులోకి దించి ఉంటే, వాల్వుల దగ్గర జరిగిన నష్టం బయటికి కనిపించదు.

ఎమ్‌ఎక్స్-5లో ఇలాంటి దాగి ఉండే ప్రాణాంతక లోపం తొలి 1.6 లీటర్ల కార్లలో ఒకటి ఉంది. 1990లోనూ 1991 మొదట్లోనూ వచ్చిన కొన్ని ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు ముందు కొస పొట్టిగా ఉండి, అక్కడి కీ అరిగి పుల్లీ ఊగడం మొదలవుతుంది. ముందు పుల్లీకి నాలుగు గాడులుంటే ఆ పాత రకమని, ఎనిమిది ఉంటే సరిచేసిన రకమని బయటి నుంచే గుర్తించవచ్చు. 1.8 ఇంజనుకు ఈ బాధ లేదు. పైగా ఈ తరం కార్లలో టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి ఆగిపోతుందే తప్ప ఇంజను పోదు. 1989 నుంచి 1997 వరకు ఈ తరం నాలుగు లక్షలకు పైగా తయారైంది కనుక విడిభాగాలకు కొరత లేదు.

దశ 1: కొనే ముందు తనిఖీ

తనిఖీని ఇంజనుతో కాకుండా తుప్పుతో మొదలుపెట్టాను. ఈ కారులో మడిచే గుడ్డ పైకప్పు (సాఫ్ట్ టాప్) వెనక అంచున చేరే వాన నీరు సీట్ల వెనక ఇరువైపులా ఉన్న గొట్టాల గుండా దిగి, వెనక చక్రాలకు కాస్త ముందున్న రంధ్రాల నుంచి బయటికి పోవాలి. ఆ దారి ఆకులతో, మట్టితో మూసుకుపోతే నీరు సిల్ (తలుపు కింద పొడవునా ఉండే బోలు ఉక్కు భాగం) లోపలే నిలిచి, ఆ ఉక్కును లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. ఇరువైపులా చిన్న గ్లాసుతో నీళ్లు పోసి చూశాను. కుడివైపు వెంటనే ధారగా కారింది, ఎడమవైపు చుక్క కూడా రాలేదు. అదే వైపు సిల్ వెనక కొసను గుడ్డ చుట్టిన అయస్కాంతంతో తడిమితే, అరచేతి వెడల్పున ఒక చోట అది పట్టుకోలేదు. అంటే అక్కడ ఉక్కు బదులు పుట్టీ ఉంది. ఈ రెండు పరీక్షలకూ పట్టిన సమయం చాలా స్వల్పం. మొత్తం ప్రాజెక్టులో అతి పెద్ద ఖర్చును బయటపెట్టినవి మాత్రం ఇవే.

తరువాత కంప్రెషన్ చూశాను.

1. ఇంజనును పూర్తిగా వేడెక్కనిచ్చి ఆపాలి.
2. నాలుగు స్పార్క్ ప్లగ్గులనూ తీయాలి.
3. ఇంజను వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ (క్యామ్ షాఫ్టు ఏ స్థితిలో ఉందో తెలిపే భాగం) కనెక్టరును విప్పాలి. దానితో స్పార్కూ పెట్రోలూ రెండూ ఆగిపోతాయి.
4. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచి, గేజి ముల్లు పెరగడం ఆగేవరకు స్టార్టర్ తిప్పాలి.
5. రీడింగు తక్కువగా ఉన్న సిలిండరులో కాస్త ఇంజనాయిల్ వేసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అనుమానించాలి.

రీడింగులు వరుసగా 176, 174, 177, 171 పీఎస్‌ఐ. ఈ ఇంజనుకు ప్రామాణికం 182, కనిష్ఠం 128, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నందున ఐదో మెట్టు అవసరం కాలేదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే పైనుంచి టక్‌టక్ శబ్దం వచ్చి, వేడెక్కాక ఆగింది. ఈ ఇంజన్లలో వాల్వులను తోసే, ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు పాత ఆయిలుతో ఇలా మోగడం మామూలే కనుక దాని మీద బేరం తగ్గించమని అడగలేదు.

టైర్లకు గాడి 6 మిల్లీమీటర్ల లోతుంది కాబట్టి కొత్తవాటి కిందే లెక్క అని విక్రేత వాదన. పక్కన అచ్చైన కోడ్ చివరి నాలుగంకెలు 2309, అంటే 2009లో 23వ వారంలో తయారైనవి. గోరుతో నొక్కితే రబ్బరు లొంగలేదు, గాడుల అడుగున సన్నని పగుళ్లున్నాయి. తక్కువగా తిరిగిన స్పోర్ట్స్ కార్లలో ఈ దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: కిలోమీటర్లు తక్కువ, రబ్బరుకు మాత్రం వయసు మీరి ఉంటుంది. సిల్, టైర్లు రెండూ చూపించి ధర తగ్గించుకున్నాకే కొన్నాను. 185/60 ఆర్14 కొలతలోనే కొత్త టైర్లు వేసి, కంపెనీ చెప్పిన 26 పీఎస్‌ఐ గాలి పెట్టాను.

ఈ దశ ఖర్చు: తనిఖీకి 1, టైర్లకు 8. మొత్తం: 9.

దశ 2: బెల్టు, సీళ్లు, ఆయిళ్లు

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలిపే బిల్లు లేదు. బిల్లు లేని పనిని జరగని పనిగానే భావించాలి. ఇంజను, గేర్‌బాక్స్ కలిసే చోట నూనె తడి ఉండటం చూసి, వెనక మెయిన్ సీల్ పోయిందనీ గేర్‌బాక్స్ దించాలనీ ఒక గ్యారేజీలో చెప్పారు. దించే ముందు ఆ ప్రాంతమంతా బ్రేక్ క్లీనరుతో కడిగి, ఆరాక టాల్కం పౌడరు చల్లి, ఇంజనును వేడెక్కేవరకు నడిపి టార్చితో చూశాను. తెల్లటి పొడి మీద సన్నని గోధుమరంగు చార ఒకటి పైనుంచి, అంటే క్యామ్ యాంగిల్ సెన్సర్ అడుగు నుంచి మొదలై, హెడ్ వెనక వైపుగా జారి గేర్‌బాక్స్ గూడు మీదికి దిగింది. సెన్సర్ విప్పితే దాని ఓ-రింగు చతురస్రంగా అణిగిపోయి, వేలితో వంచగానే విరిగింది. ఈ మోడలులో నూనె కారుతుంటే మొదట చూడవలసింది ఇదే.

బెల్టు పనిని సంక్షిప్తంగా ఇస్తున్నాను.

1. బ్యాటరీ నెగటివ్ విప్పి, కూలెంట్ దించాలి. మొత్తం సుమారు 6 లీటర్లు.
2. స్పార్క్ ప్లగ్గులు తీస్తే క్రాంక్ చేతి పానాతో సులువుగా తిరుగుతుంది. గడియారపు ముల్లు దిశలోనే తిప్పాలి.
3. క్యామ్ పుల్లీల మీది ఐ (I), ఈ (E) గుర్తులను వెనక పలక మీది గుర్తులతో కలపాలి.
4. కొత్త బెల్టు వేశాక ఆ రెండు గుర్తుల మధ్య 19 పళ్లు ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి.
5. క్రాంక్‌ను ఒక పూర్తి చుట్టూ, మరో చుట్టులో ఆరింట ఐదు వంతులూ తిప్పి, టెన్షన్ గుర్తు దగ్గర టెన్షనరును వదిలి, స్ప్రింగు లాగినంత లాగనిచ్చి బిగించాలి.
6. మరికొన్ని చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ సరిచూడాలి. 10 కిలోల బలంతో నొక్కితే బెల్టు 9 నుంచి 11.5 మిల్లీమీటర్లు వంగాలి. నా కొలత 10.

బెల్టుతో పాటు రెండు రోలర్లు, వాటర్ పంపు, క్యామ్, క్రాంక్ సీళ్లు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ మార్చాను. పాత పంపు కారడం లేదు కానీ దాని ఇరుసును ఊపితే చేతికి ఆట తెలిసింది. దాన్ని వదిలేస్తే కొద్దికాలంలోనే ఇదంతా మళ్లీ విప్పవలసి వచ్చేది.

సెన్సరును కదిపాము కనుక ఇగ్నిషన్ టైమింగ్ తిరిగి పెట్టాలి. డయాగ్నసిస్ పెట్టెలో టెన్, గ్రౌండ్ పిన్నులను తీగతో కలిపి, ఐడ్లింగు 850 ఆర్‌పీఎం దగ్గర ఉండగా టైమింగ్ లైటు కొట్టి 10 డిగ్రీలకు సరిచేయాలి. విప్పకముందు తీసుకున్న రీడింగు 14 డిగ్రీలు ఉంది. కొంత చురుకుదనం కోసం యజమానులు ఇలా ముందుకు జరుపుతారు. ఏ పెట్రోలు దొరికితే అది పోసి నడపవలసిన బండికి కంపెనీ కొలతే క్షేమమని 10కే పెట్టాను.

ఇంజనాయిల్ ఫిల్టరుతో కలిపి 3.8 లీటర్లు, గేర్‌బాక్సుకు 2, డిఫరెన్షియలుకు 1 లీటరు పట్టాయి. గేర్‌బాక్స్ ఆయిల్ దించే ముందు, నింపే ప్లగ్ ఊడుతుందో లేదో తప్పక చూసుకోవాలి. అది రాకపోతే ఖాళీ గేర్‌బాక్సుతో బండి కదలకుండా నిలిచిపోతుంది. జాకీని ముందువైపు క్రాస్‌మెంబరుకూ వెనక డిఫరెన్షియలుకూ మాత్రమే పెట్టాలి. గేర్‌బాక్సునూ డిఫరెన్షియలునూ కలిపే పొడవాటి అల్యూమినియం ఫ్రేము జాకీ బరువును మోయడానికి పెట్టినది కాదు, వంగితే మళ్లీ సరి కాదు.

ఈ దశ ఖర్చు: బెల్టు, రబ్బరు భాగాలు, పంపు 6, ఆయిళ్లు 2. మొత్తం: 17.

దశ 3: క్లచ్

మొదటి గేరు గరగరమనడం మొదలైంది. పెడల్ నొక్కి ఉంచి సిగ్నల్ దగ్గర ఆగితే, కొద్దిసేపటికి బండి దానంతటదే ముందుకు పాకేది. గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిలు ద్వారా అందుకొని క్లచ్‌ను తోసే భాగం) రబ్బరు తొడుగును వేలితో తప్పించగానే నల్లని బ్రేక్ ఆయిల్ చుక్కలుగా పడింది. ఈ తరం ఎమ్‌ఎక్స్-5లన్నిటిలోనూ ఎప్పుడో ఒకప్పుడు పోయే భాగమిది. పెడల్ దగ్గర ఆ ఒత్తిడిని పుట్టించే మాస్టర్ సిలిండరూ అదే వయసుది. స్లేవ్ ఒక్కటే మారిస్తే, కొత్త సీలు నిలబెట్టే పూర్తి ఒత్తిడి పాత మాస్టరు మీద పడి అదీ పోతుంది. కాబట్టి రెండూ కలిపి మార్చాను.

గాలి పూర్తిగా తీసినా పెడల్ నేలకు దగ్గరగానే పట్టుకుంటూ ఉంది. బ్లీడింగులో గాలి మిగిలిందన్న అనుమానంతో మళ్లీ మళ్లీ ఆయిల్ పారబోయడం కంటే కొలవడం మేలు. ఒకరు పెడల్ పూర్తిగా నొక్కుతుండగా స్లేవ్ కడ్డీ ఎంత కదులుతోందో కాలిపరుతో చూశాను: 9.5 మిల్లీమీటర్లు. అదే సమయంలో రబ్బరు గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంటే, పెడల్ నొక్కినప్పుడల్లా అది ఉబ్బడం స్పష్టంగా తెలిసింది. పాదం తోసిన ఆయిలులో కొంత స్లేవుకు చేరకుండా గొట్టాన్ని ఉబ్బించడానికే సరిపోతోంది. ఉక్కు అల్లిక ఉన్న గొట్టం వేశాక కడ్డీ కదలిక 12 మిల్లీమీటర్లకు పెరిగింది, గరగర పోయింది. చలిలో రెండో గేరు మాత్రం ఇప్పటికీ కాస్త బిగుసుగా పడుతుంది. ఈ గేర్‌బాక్సు స్వభావమే అంత, ఆయిల్ వేడెక్కేవరకు నెమ్మదిగా వేయడమే దానికి మందు.

ఈ దశ ఖర్చు: 4. మొత్తం: 21.

దశ 4: కూలింగ్

రేడియేటర్ పైన ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది. వేడికి వయసు మీరిన కొద్దీ గోధుమరంగుకూ పసుపుపచ్చకూ తిరిగి పెళుసవుతుంది. ఈ కారులో ఆ రంగు అప్పటికే మారిపోయి ఉంది. చేతి పంపుతో 15 పీఎస్‌ఐ ఒత్తిడి పెడితే, ట్యాంకు అంచు అల్యూమినియంతో కలిసే చోట తడి కనిపించింది. రేడియేటర్, పై కింది గొట్టాలు, హీటరు గొట్టాలు, థర్మోస్టాట్, మూత అన్నీ ఒకేసారి మార్చాను. ఎండలో నిలబెట్టి ఐడ్లింగులో ఉంచినా ఫ్యాన్ వచ్చి పోతూ ముల్లు కదలకుండా ఉంది. చెప్పవలసిన వింత మరేమీ లేదు.

ఈ దశ ఖర్చు: 7. మొత్తం: 28.

దశ 5: నిలిపి ఉంచితే దిగిపోయే బ్యాటరీ

కొన్ని రోజులు కదపకపోతే బండి స్టార్ట్ అయ్యేది కాదు. నడుస్తున్నప్పుడు బ్యాటరీ కొసల దగ్గర 14.3 వోల్టులు ఉన్నందున ఆల్టర్నేటర్ మీద అనుమానం లేదు.

1. ఇగ్నిషన్ నుంచి తాళంచెవి తీసి, తలుపులు మూసి, నెగటివ్ తీగకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును ఆంపియర్ల మీద కలపాలి.
2. రీడింగు స్థిరపడేవరకు ఆగాలి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే భయం లేదు.
3. ఎక్కువగా ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి, ఏది తీస్తే పడిపోతుందో చూడాలి.

ఈ కారులో 210 మిల్లీఆంపియర్లు పోతోంది, ఏ ఫ్యూజు తీసినా తగ్గలేదు. ఫ్యూజు పెట్టెను దాటి నేరుగా తీగ లాగి ఉంటేనే ఇలా జరుగుతుంది. డాష్‌బోర్డు కింద వెతికితే, ఎప్పుడో బయట బిగించిన దొంగల అలారం పెట్టె టేపు చుట్టిన అతుకులతో దొరికింది. అలారం తీసి, అసలు వైరింగును టంకంతో కలిపి, ష్రింక్ గొట్టం తొడిగాక 18 మిల్లీఆంపియర్లకు దిగింది.

బ్యాటరీ ఈ కారులో డిక్కీలో ఉంటుంది. కంపెనీ ఇచ్చేది గాలి గొట్టాలున్న సీలు చేసిన రకం. మునుపు ఎవరో మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టడంతో కింది రేకు మీద రంగు ఉబ్బి లేచింది. సోడా నీళ్లతో కడిగి, గీకి, ప్రైమరు వేసి, సరైన రకం బ్యాటరీ పెట్టాను.

ఈ దశ ఖర్చు: 4. మొత్తం: 32.

దశ 6: బ్రేకులు

వెనక కుడి చక్రం దగ్గర లోపలి ప్యాడు 3 మిల్లీమీటర్లు, బయటిది 7. జారవలసిన పిన్నులు బిగుసుకుపోతే పిస్టన్ వైపు ప్యాడు ఒక్కటే పని చేసి ఇలా అరుగుతుంది. పిన్నులను నునుపు చేసి సిలికాన్ గ్రీజు పెట్టి, రెండు వెనక కాలిపర్లకూ సీళ్లు మార్చాను. హ్యాండ్‌బ్రేకు పట్టకపోతే కేబులు బిగించకూడదు. కాలిపర్ వెనక బోల్టు తీస్తే లోపల అలెన్ కీతో తిరిగే సర్దుబాటు ఉంటుంది. ప్యాడు డిస్కును పట్టేవరకు బిగించి, మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి.

ఈ దశ ఖర్చు: 5. మొత్తం: 37.

దశ 7: సిల్ తుప్పు, ఇగ్నిషన్ తీగలు

వెల్డింగు నా చేతిపని కాదు, అందుకే బయట చేయించాను. పుట్టీ తొలగించగానే బయటి రేకులో రంధ్రం, దాని వెనక మధ్య రేకు అంచు కూడా పొరలుగా రాలడం కనిపించింది. బయటి రేకు ఒక్కటే అతికితే పని త్వరగా ముగుస్తుంది, కానీ సిల్ అనేది అలంకారం కాదు. పైకప్పు లేని ఈ కారులో వంగకుండా నిలిపే బలం చాలావరకు సిళ్ల నుంచే వస్తుంది. అందుకే ఆ మధ్య రేకును శుభ్రమైన ఉక్కు వచ్చేవరకు కోయించి, ముందు దాన్ని, తరువాత బయటిదాన్ని వేయించాను. లోపల మైనం పట్టించే ముందు నీటి దారిని మెత్తని నైలాన్ తీగతో తెరిచాను. పిడికెడు కుళ్లిన ఆకులూ మట్టీ వచ్చాయి. ఇప్పుడు గ్లాసు నీళ్లు పోస్తే రెండు వైపులా ఒకేలా కారుతున్నాయి. ఈ కారు ఉన్నవారు ఎవరైనా సరే, మరే పనికీ తీరిక లేకపోయినా, ఏడాదికి రెండుసార్లు ఈ గ్లాసు నీళ్ల పరీక్ష చేయాలని నా గట్టి విజ్ఞప్తి.

ఆ తరువాత దారిలో ఇబ్బంది పెట్టింది ఒక్కటే: ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో కుదుపు. ఐడ్లింగులో జాడ లేదు. నాలుగు స్పార్క్ తీగల నిరోధాన్నీ కొలిస్తే, మూడింటికి పొడవుకు తగినట్టు రీడింగు వచ్చింది, ఒకటి పూర్తిగా తెగినట్టు చూపింది. తీగల సెట్టు, ప్లగ్గులు మార్చగానే కుదుపు పోయింది.

ఈ దశ ఖర్చు: సిల్ 14, తీగలూ ప్లగ్గులూ 2. మొత్తం: 53.

ఖర్చు ఎక్కడికి పోయింది

ఈ 53ను కారణాల వారీగా విడదీస్తే, టైర్లు, సీళ్లు, గొట్టాలు, క్లచ్ సిలిండర్లు, రేడియేటర్, తీగలు కలిపి 27. ఇవన్నీ నడపడం వల్ల కాక కాలం గడవడం వల్ల పోయినవి. మూసుకున్న నీటి దారి వల్ల 14. నిలిపి ఉంచడం వల్ల బిగుసుకున్న బ్రేకులకు 5. తప్పు రకం బ్యాటరీ వల్ల 4. తనిఖీకీ ఆయిళ్లకూ 3. పిస్టన్లు, క్రాంక్, గేర్లు, డిఫరెన్షియల్ లోపలి భాగాలకు సున్నా. ఇదే మోడల్ మరొకటి కొనవలసి వస్తే, షెడ్డులో ఉండిపోయి 60,000 కిలోమీటర్లే తిరిగిన కారు కంటే, రెండు లక్షలు తిరిగి బిల్లులన్నీ ఉన్న కారుకే ఎక్కువ ధర ఇస్తాను.

మిగిలిన పని

ఇంజనాయిల్ 1,000 కిలోమీటర్లకు 150 మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతోంది, ఈ వయసు ఇంజనుకు అది సమ్మతమే. డిఫరెన్షియల్ పక్క సీలు దగ్గర చెమ్మ ఉంది, చుక్కగా మారలేదు కనుక ప్రస్తుతం గుర్తు పెట్టి చూస్తున్నాను. సస్పెన్షన్ బుష్‌లు (ఆర్ములు కదిలే చోట ఉండే రబ్బరు భాగాలు) పగిలాయి. వాటి కోసం 9 కేటాయించాను. వెనక కింది ఆర్ముల పొడవాటి బోల్టులు లోపలి గొట్టాలకు తుప్పుతో అతుక్కున్నాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ పట్టిస్తూ అప్పుడప్పుడు పానాతో చూస్తున్నాను. ఎడమవైపుది కదలడం మొదలైంది. కుడివైపుది కదలకపోతే బుష్‌కు ఇరువైపులా రంపంతో కోసి, కొత్త బోల్టులూ, అలైన్‌మెంట్ సర్దడానికి రంధ్రం మధ్యలో కాక పక్కకు ఉండే ఎక్సెంట్రిక్ వాషర్లూ వేయాలి. అప్పుడు ఆ 9 కాస్తా 12 అవుతుంది. చక్రాల అలైన్‌మెంట్ ఆ పని ముగిశాకే.